నడిసముద్రంలో ఉన్న ఓడని ఎవడు హ్యాక్ చేస్తాడండి? ఒక బత్తీ సాబ్ జవాబు

విజయవాడ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. తమ్ముడు ఈసీఈలో బీటెక్ చేశాడు, మర్చంట్ నేవీలో ఈటీవోగా, అంటే ఓడలో కరెంటు, ఎలక్ట్రానిక్స్ చూసే ఆఫీసర్‌గా వెళ్దామనుకుంటున్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో "ఇప్పుడు షిప్పుల్లో సైబర్ సెక్యూరిటీకి మంచి డిమాండ్, ముందు మా దగ్గర మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు చేయించండి" అంటున్నారట. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేని చోట ఓడని ఎవడు హ్యాక్ చేస్తాడు, ఇది నిజంగా అవసరమా లేక కోర్సులు అమ్ముకునే మాటలా అని ఆయన అనుమానం.

సూటిగా చెప్తా. అవసరం నిజం, రోజురోజుకీ పెరుగుతోంది కూడా. ఆ మూడు నెలల కోర్సు మాత్రం ఇప్పుడొద్దు. ఓడ మీద "సైబర్ ఆఫీసర్" అని విడిగా ఉద్యోగం నేనింతవరకూ ఏ సరుకు ఓడలోనూ చూడలేదు. ఆ పని వచ్చి పడేది ఈటీవో నెత్తినే. కాబట్టి మీ తమ్ముడు ముందు మంచి ఈటీవో అయితే, మిగతాది దాని మీద కట్టుకోవచ్చు.

నా సంగతి చెప్పాలంటే, మాది గుంటూరు బ్రాడీపేట. పందొమ్మిదేళ్లు ఓడల మీద తిరిగి, ఈ మధ్య ఒక మేనేజ్‌మెంట్ కంపెనీ తరఫున ఓడలెక్కి వాటి నెట్‌వర్క్‌లు తనిఖీ చేసే పనిలో ఉన్నాను. మన ఇండియన్ క్రూ ఉన్న ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్ని బత్తీ సాబ్ అంటారు. నేను చేరినప్పుడు పేరుకి తగ్గ పనే ఉండేది: మోటార్లు, క్రేన్ల లిమిట్ స్విచ్‌లు, రీఫర్లు అనే ఫ్రిజ్ కంటైనర్లు, ఎవరి క్యాబిన్‌లోనో మాడిపోయిన ట్యూబ్‌లైటు. ఇప్పుడు అదే బత్తీ సాబ్‌ని రాత్రి రెండింటికి లేపి "వైఫై రావట్లేదు" అంటున్నారు.

మారింది అక్కడే. నేను మొదట ఎక్కిన ఓడల్లో శాటిలైట్ డేటాకి ఎంబీ లెక్కన డబ్బు. మెయిళ్లు రోజుకి రెండుసార్లు మూటగట్టి పంపేవాళ్లం, ఒక ఫొటో పంపాలంటే కెప్టెన్ పర్మిషన్. ఒక రకంగా ఆ దరిద్రమే మాకు రక్షణ, ఎందుకంటే బయటివాడు లోపలికి రావడానికి దారే లేదు కదా. ఇప్పుడు స్టార్‌లింక్ లాంటివి వచ్చి సముద్రం మధ్యలో ఇంట్లో ఉన్నంత స్పీడు వస్తోంది. 2024 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చిన నావికుల కార్మిక ఒప్పందం సవరణల ప్రకారం, వీలైనంత వరకు క్రూకి ఇంటర్నెట్ ఇవ్వడం ఓనర్ల బాధ్యత కూడా అయింది. మంచిదే, ఆరు నెలలు పిల్లల ముఖం చూడకుండా ఉండటం ఏంటో నాకు తెలుసు. కానీ పిల్లల వీడియో కాల్ వచ్చే దారిలోనే ఒడ్డున ఆఫీసు వాళ్లు ఇంజిన్ టెంపరేచర్లు చూసుకుంటారు, తయారీదారు వాళ్ల దేశంలో కూర్చుని పంపు సెట్టింగులు మారుస్తాడు, దొంగవాడు కూడా అదే దారిలో వస్తాడు.

రెండో మార్పు కాగితం పోవడం. సముద్రపు మ్యాపుల బదులు ఎక్‌డిస్ అనే ఎలక్ట్రానిక్ చార్టు కంప్యూటర్లు 2012 నుంచి 2018 మధ్య దశలవారీగా తప్పనిసరి చేశారు. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుంది కదా అని చాలా ఓడల్లో రెండు ఎక్‌డిస్‌లు పెట్టి కాగితపు చార్టులు తీసేశారు. ఈ "ఇంకొకటి ఉంది కదా" ఎంతవరకు నిజమో నాకు చైనాలో ఒక యాంకరేజ్‌లో, అంటే ఓడలు లంగరేసి ఆగే చోట, తెలిసొచ్చింది.

అది బల్క్ క్యారియర్, బొగ్గు, ధాన్యం లాంటివి గుట్టగా పోసుకెళ్లే ఓడ. పొద్దున్నే సెకండ్ మేట్, అంటే చార్టులు చూసుకునే ఆఫీసర్, ఫోన్ చేసి "బత్తీ సాబ్, ఎక్‌డిస్ హ్యాంగ్ అవుతోంది" అన్నాడు. రీస్టార్ట్ చెయ్యమన్నా. చేస్తే లేచింది, అయిదు నిమిషాలకి మళ్లీ పడిపోయింది. సరే రెండోదాని మీదకి మారండి అంటే, పది నిమిషాల తర్వాత మళ్లీ ఫోన్, ఈసారి గొంతు మారిపోయింది, రెండోది కూడా అంతే. నేను ముందు పవర్ సప్లయి అనుకున్నా, తర్వాత యూపీఎస్ అనుకున్నా, ఆ రోజుల్లో నా బుర్ర వైరస్ దాకా వెళ్లేది కాదు. మధ్యాహ్నానికి తేలింది ఏంటంటే, ప్రతి వారం వచ్చే చార్టు అప్‌డేట్లు మోసే పెన్‌డ్రైవ్ ఎక్‌డిస్ కోసం కేటాయించిందే, దాని మీద ఎర్ర టేపు కూడా ఉంది. కానీ అప్‌డేట్లు డౌన్‌లోడ్ చేసే కంప్యూటర్‌లోనే కుర్రాళ్లు సినిమాలు కాపీ చేసుకుంటున్నారు. అక్కడ పట్టిన వైరస్ ఎర్ర టేపు పెన్‌డ్రైవ్‌లోకి వచ్చింది, దాన్ని సెకండ్ మేట్ రూలు ప్రకారం ముందు ఒకటో ఎక్‌డిస్‌కి, వెంటనే రెండోదానికి పెట్టాడు. ఒకేరోజు, ఒకే చేత్తో రెండింటికీ అంటించాడు పాపం.

సర్వీస్ ఇంజినీర్ వచ్చి రెండూ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసేదాకా రెండు రోజులు అక్కడే పడి ఉన్నాం. హ్యాకర్ ఎవడూ మమ్మల్ని ఎంచుకోలేదు, మా ఓడ పేరు కూడా వాడికి తెలిసి ఉండదు. ఊరికే గాల్లో తిరిగే వైరస్ మా ఇంట్లోకి వచ్చిందంతే. మీరు అడిగిన "ఎవడు హ్యాక్ చేస్తాడు" అన్న దానికి ఎక్కువసార్లు జవాబు ఇదే, ఎవడూ ప్రత్యేకంగా చెయ్యడు. తలుపు తీసి ఉంది, కుక్క దూరింది.

"యాంటీవైరస్ వేసుకోవచ్చు కదా" అని ప్రతి ఐటీ కుర్రాడూ అడుగుతాడు. ఆఫీసు కంప్యూటర్లకి వేస్తాం. కానీ ఎక్‌డిస్, కార్గో లోడింగ్ కంప్యూటర్, ఇంజిన్ అలారం సిస్టమ్ లాంటివి తయారీదారు ఒక సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకున్న సామాన్లు. వాటిలో నీకు నచ్చింది నువ్వు వేస్తే ఆ ఆమోదం గోవిందా, రేపు అది పని చెయ్యకపోతే తయారీదారు చేతులు దులుపుకుంటాడు. పైగా ఓడ జీవితం పాతిక సంవత్సరాలు. కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ జీవితం పదేళ్లు. అందుకే విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 ఇంకా ఓడల ఇంజిన్ కంట్రోల్ రూముల్లో నిక్షేపంగా తిరుగుతున్నాయి. నేనే కిందటేడు చూశాను. వాటిని పీకి పారెయ్యమని చెప్పడం తేలిక, డ్రైడాక్ దాకా, అంటే ఓడని నీళ్లలోంచి బయటికి తీసి రిపేర్ చేసేదాకా, ఆగక తప్పదు, అప్పటిదాకా వాటిని మిగతా నెట్‌వర్క్ నుంచి వేరు చేసి, యూఎస్‌బీ రంధ్రాలకి తాళాలు వేసి బతకాలి. యూఎస్‌బీకి తాళమేంటని నవ్వకండి, వంద రూపాయల ప్లాస్టిక్ ముక్క, నా బ్యాగులో ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది.

ఇంకో సంగతి, బయటి నుంచి వచ్చే లాప్‌టాప్. మన ఆటోనగర్‌లో బీఎస్-6 లారీ వస్తే మెకానిక్ స్పానర్ కంటే ముందు స్కానర్ తీసి గుచ్చుతాడు కదా, ఓడలో కూడా ఇప్పుడు అంతే. మెయిన్ ఇంజిన్ గవర్నర్ అయినా, బాయిలర్ అయినా, సర్వీస్ ఇంజినీర్ లాప్‌టాప్‌తోనే వస్తాడు. అదే లాప్‌టాప్ నిన్న ఇంకో ఓడలో, మొన్న ఇంకో దేశంలో గుచ్చి వచ్చాడు. ఒక పోర్టులో మాకు ఎనిమిది గంటలే స్టే, ఒకతను వచ్చి అలారం సిస్టమ్‌కి కేబుల్ పెట్టబోతుంటే ముందు స్కాన్ చెయ్యాలి అన్నా. అతనికి కోపం వచ్చింది. మా చీఫ్ ఇంజినీర్, అదే బడా సాబ్, కూడా నా మీదే విసుక్కున్నాడు, టైము లేదురా బాబూ అని. అయినా స్కాన్ చేశాం, పదకొండు చోట్ల ఎర్రగా వచ్చింది. అతను నిజాయితీగా ఆశ్చర్యపోయాడు, కంపెనీ వాళ్లు ఇచ్చిన లాప్‌టాప్ సార్ ఇది అని. బడా సాబ్ తర్వాత టీ పంపించాడు, మాట మాత్రం ఏమీ అనలేదు.

పాస్‌వర్డుల గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ పెరుగుతుంది. నాలుగైదు నెలలకోసారి మనుషులు మారిపోయే చోట, అందరికీ ఒకే పాస్‌వర్డు, అది మానిటర్ కింద స్టిక్కర్ మీద. ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మం మీద పెట్టి, అది అక్కడుందని బోర్డు కూడా రాసినట్టు. 2019లో న్యూయార్క్ వైపు వెళ్తున్న ఒక పెద్ద ఓడ నెట్‌వర్క్‌లో మాల్‌వేర్, అంటే వైరస్ లాంటి దొంగ సాఫ్ట్‌వేర్, పడితే అమెరికా కోస్ట్‌గార్డ్ వెళ్లి చూసి ఒక హెచ్చరిక విడుదల చేసింది. అందులో ఉన్న సలహాలు చదివితే ఇవే: ఒక్కొక్కరికి వేరే లాగిన్ పెట్టుకోండి, నెట్‌వర్క్‌ని విడగొట్టుకోండి, బయటి పెన్‌డ్రైవ్‌లతో జాగ్రత్త, ప్యాచ్‌లు, అంటే లోపాలు పూడ్చే అప్‌డేట్లు, వేసుకోండి. రాకెట్ సైన్సేమీ లేదు.

ఇక జీపీఎస్. ఇక్కడ మాత్రం కావాలని చేసేవాళ్లే ఉన్నారు. జీపీఎస్ ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల పైన ఉంటాయి, అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ మన దాకా వచ్చేసరికి ఊపిరి లేనట్టుంటుంది. దగ్గర్లో ఎవడైనా అదే ఫ్రీక్వెన్సీలో గట్టిగా అరిస్తే అది వినపడదు, దాన్ని జామింగ్ అంటారు. దొంగ సిగ్నల్ పంపి నువ్వు ఇంకో చోట ఉన్నావని నమ్మిస్తే స్పూఫింగ్. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో సుమారు ఇరవై ఓడలకి ఒకేసారి తాము రష్యాలోని గెలెన్‌జిక్ విమానాశ్రయంలో ఉన్నట్టు కనిపించింది. ఓడ ఎయిర్‌పోర్టులో! అప్పట్లో అది వింత వార్త. ఇప్పుడు తూర్పు మధ్యధరా, ఎర్ర సముద్రం, హోర్ముజ్ వైపు, బాల్టిక్ వెళ్లే వాళ్లకి వాతావరణం లాంటిది, ఈరోజు ఎలా ఉందో అడిగి బయలుదేరడమే. 2025 మేలో ఎంఎస్‌సీ ఆంటోనియా అనే కంటైనర్ ఓడ జెడ్డా దగ్గర నేలకి తగిలి కూర్చుంది, దాని పొజిషన్ అంతకు ముందు పిచ్చిపిచ్చిగా గంతులు వేసిందని, జామింగే కారణం కావచ్చని ట్రాకింగ్ చేసేవాళ్లు చెప్పారు.

మేం ఒకసారి ఆ గల్ఫ్ వైపు వెళ్తుంటే ఏం జరిగిందో చెప్తా, ఈటీవో కళ్లతో చూస్తే ఇది వేరేగా ఉంటుంది. జీపీఎస్ పోతే చార్టు మీద ఓడ బొమ్మ ఒక్కటే కదా పోయేది అనుకుంటారు. కాదండి. ఒక్క యాంటెన్నా నుంచి వచ్చే సమాచారాన్ని ఎన్ని తాగుతాయో అది ఆగిపోయాక కానీ తెలియదు. ఎక్‌డిస్ గోల, మన ఓడ పేరు, చోటు చుట్టుపక్కల ఓడలకి చెప్పే ఏఐఎస్ గోల, రాడార్ మీద అలారం, జైరో కంపాస్‌కి అక్షాంశం, వేగం సవరణ అందులోంచే వెళ్తుంది కాబట్టి అదీ అలారం, రేడియో సెట్లు "పొజిషన్ చేత్తో ఎక్కించు" అంటాయి, వీడీఆర్ అంటే మన బ్లాక్‌బాక్స్ అదీ, శాటిలైట్ డోమ్ దిక్కు తెలియక తిరుగుతూ ఉంటుంది, చివరికి మెస్‌లో గోడ గడియారం కూడా తప్పు టైము చూపించింది. బ్రిడ్జ్ మీద పెళ్లి మేళంలా అన్నీ ఒకేసారి కూస్తుంటే నేను ఒక్కొక్కటి నొక్కి ఆపుకుంటూ తిరిగా. కెప్టెన్ మాత్రం చల్లగా "రాడార్ మీద దూరాలు తీసి కాగితం మీద గుర్తు పెట్టండి" అన్నాడు. థర్డ్ మేట్ కుర్రాడు అటూ ఇటూ చూశాడు. పరీక్షలో రాశాడు, చేత్తో ఎప్పుడూ చెయ్యలేదు. ఆ గంట సేపు కెప్టెన్ స్వయంగా పెన్సిల్ పట్టుకుని చేయించాడు. నా లెక్కలో ఆ పెన్సిలే ఆరోజు మా ఫైర్‌వాల్, దొంగని ఆపే గోడ.

ఇప్పుడు డబ్బుకోసం చేసేవాళ్లు. వీళ్లకి నడిసముద్రంలో ఓడతో పనిలేదు, ఒడ్డున ఉన్న ఆఫీసులు కావాలి. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ యుక్రెయిన్‌లోని ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా బయటికొచ్చి మెర్స్క్ అనే పెద్ద షిప్పింగ్ కంపెనీని పడుకోబెట్టింది. గమ్మత్తేంటంటే ఇది మాత్రం డబ్బుకోసం కాదు, నాశనం చెయ్యడానికి వదిలింది, దాని గురి కూడా మెర్స్క్ కాదు, యుక్రెయిన్. వాళ్ల ఓడలు నీళ్ల మీద బాగానే తేలుతున్నాయి, కానీ ఏ కంటైనర్ ఎక్కడ దించాలో పోర్టుల్లో చెప్పే నాథుడు లేడు. వాళ్ల టెర్మినళ్లు 76లో 17 దెబ్బతిన్నాయి, మన ముంబై పక్క జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులోది కూడా ఆగింది. నాలుగు వేల సర్వర్లు, నలభై అయిదు వేల కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నారు. నష్టం 20 నుంచి 30 కోట్ల డాలర్ల మధ్య. వాళ్ల నెట్‌వర్క్ మొత్తానికి ఆధారమైన ఒక సర్వర్ కాపీ ఘనాలో బతికి బయటపడింది, ఎందుకు బతికిందంటే ఆ సమయంలో అక్కడ కరెంటు పోయి అది ఆఫ్‌లో ఉంది. కరెంటు కోతకి దండం పెట్టిన ఐటీ డిపార్ట్‌మెంట్ ప్రపంచంలో అదొక్కటే అయ్యుంటుంది.

తర్వాత 2018లో కాస్కో, 2020లో ఎంఎస్‌సీ, సీఎంఏ సీజీఎం అనే షిప్పింగ్ కంపెనీలకీ సైబర్ దెబ్బలు తగిలాయి. అదే 2020లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ వెబ్‌సైటే పడిపోయింది. 2023 జనవరిలో ఓడల్ని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే డీఎన్‌వీ వాళ్ల షిప్‌మేనేజర్ సాఫ్ట్‌వేర్ సర్వర్లకి రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే మాల్‌వేర్, తగిలి సుమారు వెయ్యి ఓడల మీద ప్రభావం పడింది, ఓడలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఒడ్డుతో సంబంధం లేకుండా పని చేసే ఏర్పాటు ఉంది కాబట్టి పనులు ఆగలేదు. అదే ఏడాది జులైలో జపాన్‌లోని నగోయా పోర్టు కంటైనర్ పనులు రెండు రోజులకి పైగా ఆగిపోయాయి. ఓడ ఎంత శుభ్రంగా ఉన్నా పోర్టు పడుకుంటే చేసేదేం లేదు, యాంకర్ వేసి చేపలు పట్టుకోవడమే.

ఇది గుంటూరుకి సంబంధం లేని గొడవ అనుకోకండి. నాకు తెలిసిన మిర్చి ఎగుమతి చేసే ఆయన ఒకరు, కంటైనర్ ఓడెక్కి, సరుకు ఎక్కిందని ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ కాగితం వచ్చాక, అవతలి దేశం కొనుగోలుదారు డబ్బు పంపాడు, ఈయనకి మాత్రం రాలేదు. మధ్యలో ఎవడో ఈయన మెయిల్‌లో కూర్చుని, కొనుగోలుదారుకి "మా బ్యాంక్ అకౌంట్ మారింది" అని ఇన్వాయిస్ పంపాడు, మెయిల్ ఐడీలో ఒకే ఒక్క అక్షరం తేడా. యార్డులో నలభై ఏళ్లు ముఖం చూసి వ్యాపారం చేసిన మనిషి, అక్షరం తేడాకి దొరికిపోయాడు. ఓడల్లో కెప్టెన్లకి కూడా రోజూ ఇలాంటివే వస్తాయి, "పోర్టు చేరే ముందు ఈ ఎక్సెల్ నింపండి" అంటూ ఏజెంట్ పేరుతో. నిజం ఏజెంట్లు కూడా అలాగే పంపుతారు కాబట్టి ఏది అసలో ఏది నకిలీయో చెప్పడం నిజంగానే కష్టం, కెప్టెన్ని తిట్టలేం. ఒకటే చెప్తాను, డబ్బు, అకౌంట్ నంబర్ మాట వస్తే మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబర్‌కి కాదు, మన పాత పుస్తకంలో ఉన్న నంబర్‌కి ఫోన్ చెయ్యాలి.

అయితే ప్రతిదాన్నీ హ్యాకింగ్ అనడం కూడా ఒక జబ్బే. 2024 మార్చి 26న డాలీ అనే ఓడ కరెంటు పోయి బాల్టిమోర్‌లో వంతెనని గుద్దితే, క్రూలో ఎక్కువమంది మనవాళ్లే, తెల్లారేసరికి సైబర్ దాడి అని సోషల్ మీడియాలో కథలు. చివరికి అమెరికా దర్యాప్తు సంస్థ 2025 నవంబర్‌లో తేల్చింది ఏంటంటే, స్విచ్‌బోర్డులో ఒక సిగ్నల్ వైరు కనెక్షన్ వదులుగా ఉంది, వైరుకి తొడిగిన లేబుల్ అడ్డుపడి అది టెర్మినల్‌లోకి పూర్తిగా దిగలేదు. చదివాక నేను ఆ వారం వెళ్లిన ఓడలో ప్రతి టెర్మినల్ లాగి చూశాను. ఈటీవోకి ముందు వైరు లాగి చూడటం రావాలి, తర్వాతే ఫైర్‌వాల్. ఆ కన్సల్టెన్సీ కోర్సు మీద నాకున్న అభ్యంతరం అదే. స్విచ్‌బోర్డు ముట్టుకోకుండా, సముద్రం చూడకుండా "మారిటైమ్ సైబర్" సర్టిఫికెట్ తెచ్చినవాడిని ఓడెక్కిస్తే, బ్లాకౌట్ అయినప్పుడు అది వైరా, వైరస్సా అన్నది ఎలా తెలుస్తుంది?

డిమాండ్ ఎందుకు పెరిగిందంటే భయం వల్ల కాదు, రూళ్ల వల్ల. ఓనర్లు భయానికి డబ్బు పెట్టరు, ఇన్‌స్పెక్టర్‌కి పెడతారు. ఐఎంఓ 2017లో తీర్మానం చేసి, 2021 జనవరి 1 తర్వాత జరిగే మొదటి వార్షిక తనిఖీ నాటికి ప్రతి కంపెనీ తన సేఫ్టీ వ్యవస్థలో సైబర్ రిస్క్ చేర్చాలి అంది. చాలామంది ఏం చేశారు? ఒక ఫైల్ కొని అల్మారాలో పెట్టారు. కొన్ని ఓడల్లో ఆ ఫైల్ తెరిస్తే ఇంకో ఓడ పేరు ఉంటుంది, కాపీ కొట్టేటప్పుడు మార్చడం మర్చిపోయారు. తర్వాత ఓడల్ని పరీక్షించి సర్టిఫికెట్లు ఇచ్చే వర్గీకరణ సంస్థల కూటమి ఈ26, ఈ27 అని రెండు రూళ్లు తెచ్చింది. 2024 జూలై 1 నుంచి ఆర్డర్ ఇచ్చిన కొత్త ఓడలకి, కట్టేటప్పుడే ఏ పరికరం ఏ నెట్‌వర్క్‌లో ఉంది, ఎక్కడ గోడ ఉంది, దాడి జరిగితే ఎలా తట్టుకుంటుంది అని చూపించాలి. ఇది కాగితంతో అయ్యే పని కాదు, నిజమైన కేబుల్ పని. ట్యాంకర్లకైతే ఆయిల్ కంపెనీల తరఫున వచ్చే సైర్ ఇన్‌స్పెక్టర్ నేరుగా అడుగుతాడు. ఇన్సూరెన్స్ సంగతి సరేసరి, హానికరంగా కంప్యూటర్ వాడి చేసిన నష్టం మాకు సంబంధం లేదు అని చెప్పే 2003 నాటి క్లాజు చాలా పాలసీల్లో ఇంకా కూర్చుని ఉంది, ఓనర్లకి అది చదివినప్పుడే చెమట పడుతుంది.

రూళ్లన్నీ ఉన్నా మనిషి మనిషే. ఒక ఓడలో తనిఖీకి వెళ్తే నెట్‌వర్క్ బొమ్మ అద్భుతంగా ఉంది, క్రూ వైఫై ఒక పక్క, ఆఫీసు కంప్యూటర్లు ఒక పక్క, ఇంజిన్ వేరే, మధ్యలో గోడలు. నడిచి చూస్తే మెస్ వెనక ఒక నీలం కేబుల్, పైపుల మధ్యలోంచి షిప్ ఆఫీసు స్విచ్‌కి వెళ్తోంది. చార్ సాబ్, అంటే ఫోర్త్ ఇంజినీర్, కాస్త సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. కుర్రాళ్లు డబ్బులు వేసుకుని ఇంటర్నెట్ కోసం సొంత డిష్ కొన్నారు, దాంట్లోంచి ప్రింట్ తీసుకోవాలంటే ఆఫీసు ప్రింటర్ కావాలి కదా, అందుకని ఒక్క కేబుల్. లక్షలు పెట్టి కట్టిన గోడకి ప్రింటర్ కోసం కిటికీ పెట్టారు. వాళ్లనే ఏమంటాం, 2023లో అమెరికా నేవీ యుద్ధనౌక మాంచెస్టర్ మీదే సీనియర్ సిబ్బంది కొందరు దొంగతనంగా స్టార్‌లింక్ డిష్ బిగించుకుని సొంత వైఫై నడుపుకున్నారు. నేను ఆ కేబుల్ పీకేశా, కానీ క్రూ వైపు ఒక చిన్న ప్రింటర్ కొనిపించమని రిపోర్టులో రాశా. రెండోది రాయకపోతే నేను గ్యాంగ్‌వే దిగేలోపే కేబుల్ తిరిగి వచ్చేది.

సరే, మీ తమ్ముడి సంగతి. నేనైతే ఇలా చెప్తా. డీజీ షిప్పింగ్, అంటే ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఆమోదం ఉన్న చోటే ఈటీవో కోర్సు చెయ్యనివ్వండి, అర్హత, సంస్థల జాబితా డీజీ షిప్పింగ్ సైట్‌లో చూసుకోండి, కన్సల్టెన్సీ నోటి మాట వద్దు. కోర్సు కంటే కష్టం మొదటి ఓడ దొరకడం, అది దాచిపెట్టి కోర్సులు అమ్మేవాళ్లే మన దగ్గర ఎక్కువ. ఓడెక్కిస్తాం లక్షలు కట్టండి అనేవాడి దగ్గర ఆర్‌పీఎస్‌ఎల్, అంటే ఓడలకి మనుషుల్ని పంపడానికి ఉండాల్సిన లైసెన్స్, దాని నంబర్ అడిగి, అదే సైట్‌లో సరిచూసుకోండి, నంబర్ చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి. లైసెన్స్ ఉన్నవాడు కూడా ఉద్యోగం ఇప్పించినందుకు కుర్రాడి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

మొదటి రెండేళ్లు సైబర్ మాట ఎత్తకుండా మోటార్లు, స్విచ్‌బోర్డు, పీఎల్‌సీలు అనే యంత్రాల్ని నడిపే చిన్న కంప్యూటర్లు, సెన్సర్లు నేర్చుకోమనండి. ఓడలో ఏ కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో తన సొంత నోటుబుక్‌లో గీసుకోమనండి. కంపెనీ ఇచ్చే డ్రాయింగ్ ఓడ పుట్టినప్పటిది, పదిహేనేళ్లలో ఎవడెవడో ఏదేదో కలిపి ఉంటాడు. ఈసీఈ చదివాడు కాబట్టి నెట్‌వర్కింగ్ బేసిక్స్ ఎలాగూ వస్తాయి, సెలవుల్లో ఇంట్లో పాత రౌటర్, స్విచ్ పెట్టుకుని వీల్యాన్లతో ఒకే నెట్‌వర్క్‌ని ముక్కలుగా వేరు చెయ్యడం, ఫైర్‌వాల్ లాగ్ చదవడం ప్రాక్టీసు చెయ్యొచ్చు, ఖర్చు పెద్దగా లేదు. మోడ్‌బస్, ఎన్‌ఎంఈఏ అనేవి ఓడ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషలు, వాటిలో "నువ్వు ఎవరు" అని అడిగే అలవాటే లేదు, ఎవరు చెప్పినా నమ్మేస్తాయి. అది ఒకసారి కళ్లారా చూస్తే ఈ రంగంలో సగం అర్థమైనట్టే. తర్వాత ఆసక్తి ఉంటే ఐఈసీ 62443 అనే ప్రమాణం చదవాలి, ఫ్యాక్టరీలు, కంట్రోల్ సిస్టమ్‌ల భద్రతకి అది, కొత్త ఓడల రూళ్లకి చాలావరకు ఆధారం అదే. నాలుగైదేళ్ల సముద్రం అనుభవం మీద ఇది చదివిన మనిషికి ఒడ్డు మీద కూడా పని దొరుకుతుంది.

డ్రిల్లులు ఎగ్గొట్టొద్దని చెప్పండి. స్టీరింగ్ గేర్ రూములోకి దిగి చేత్తో చుక్కాని తిప్పే ఎమర్జెన్సీ డ్రిల్ మూడు నెలలకోసారి తప్పనిసరి, చాలా ఓడల్లో సంతకాలతో కానిచ్చేస్తారు. బ్రిడ్జ్ స్క్రీన్‌లన్నీ నల్లబడిన రోజున ఆ డ్రిల్ నిజంగా చేసినవాడే ఓడని తిప్పగలడు. అది ఏ సైబర్ కోర్సులోనూ చెప్పరు.

చివరగా ఒక్క పని, వీటన్నిటికంటే ముందు, ఈ వారమే చేయించండి. డీజీ షిప్పింగ్ ఆమోదం ఉన్న డాక్టర్ దగ్గర కలర్ విజన్ పరీక్ష. వైర్ల రంగులతో పని కాబట్టి ఈటీవోకి అది ఖచ్చితంగా చూస్తారు. నాకు తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు, ఒకడిది మంగళగిరి, ఫీజు మొత్తం కట్టాక మెడికల్‌లో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియట్లేదని తేలి వెనక్కి వచ్చారు, ఫీజు మాత్రం వెనక్కి రాలేదు. ఆ రిజల్టు వచ్చాక ఇక్కడే రాయండి, పాస్ అయితే ఏ సంస్థలో చేరాలో అప్పుడు మాట్లాడుకుందాం.